నీలగిరి కొండ రైలు: కుటుంబ ప్రయాణికుల అపోహలు - వాస్తవాలు

ఆవిరి ఇంజన్ల నిర్వహణ నా వృత్తి. అందువల్ల సెలవులు దగ్గరపడేసరికి, మేట్టుపాళ్యం నుంచి ఊటీకి వెళ్ళే కొండ రైలు గురించిన ప్రశ్నలు నా దగ్గరికి చేరుతుంటాయి. చాలామంది దాన్ని పెద్ద ఆటబొమ్మగా ఊహించుకుంటారు. 326 మీటర్ల ఎత్తున మొదలై 46 కిలోమీటర్ల దూరంలో 2,203 మీటర్ల ఎత్తుకు చేరే ఈ మీటర్ గేజ్ మార్గం 1899లో కూనూరు వరకు, 1908లో ఊటీ వరకు ప్రారంభమైంది. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. దిగువ చెప్పినవన్నీ ఈ ఎత్తు లెక్కతో ముడిపడినవే.

అపోహ: ఇంజన్ ముందుండి బోగీలను లాగుతుంది.

వాస్తవం: కొండ ఎక్కేటప్పుడు ఇంజన్ దిగువ వైపున, అంటే రైలుకు వెనుక ఉండి బోగీలను పైకి నెడుతుంది. ఏ కారణం చేతనైనా బోగీల మధ్య లంకె తెగినా, విడిపోయిన బోగీ లోయలోకి జారిపోకుండా దిగువన ఇంజనే అడ్డుగా నిలవాలన్నది ఇందులోని ఆలోచన. వెనుక ఉన్న డ్రైవరుకు ముందున్న దారి కనిపించదు కాబట్టి, ఎగువ చివరి బోగీలో నిలబడిన బ్రేకుమనిషి జెండాతో సంకేతాలిస్తాడు. మిగతా బోగీల బ్రేకులకూ మనుషులుంటారు. పిల్లలకు దారి కనిపించాలంటే ఎగువ చివరి బోగీ, ఇంజన్ చప్పుడు దగ్గరగా వినిపించాలంటే దిగువ చివరి బోగీ మేలు. నన్నడిగితే రెండోదే ఎంచుకుంటాను.

అపోహ: పట్టాల మధ్య రంపంలా పళ్ళున్న పట్టీ రైలును గొలుసులా పైకి లాగుతుంది.

వాస్తవం: ఆ పట్టీ కదలదు, అది నేలకు బిగించి ఉంటుంది. మేట్టుపాళ్యం తరువాత వచ్చే కల్లారు స్టేషను దాటాక దారి కొన్నిచోట్ల ప్రతి 12 మీటర్లకు ఒక మీటరు చొప్పున లేస్తుంది. అంత వాలులో, పైగా మంచుకో వానకో తడిసిన పట్టాల మీద, ఉక్కు చక్రానికి ఉక్కు పట్టా మీద దొరికే పట్టు చాలదు. అందుకని ఇంజన్ అడుగున ఉండే పళ్ళ చక్రాలు ఆ పట్టీలోని పళ్ళను పట్టుకుని పైకి ఎక్కుతాయి. స్విట్జర్లాండ్ ఇంజనీరు రోమన్ ఆప్ట్ రూపొందించిన ఈ పద్ధతిలో రెండు పట్టీలు పక్కపక్కనే ఉంటాయి, ఒకదాని పన్నుకు ఎదురుగా రెండోదాని సందు వచ్చేలా వాటిని అమర్చుతారు. దానివల్ల ఏ క్షణంలోనూ పట్టు పూర్తిగా వదలదు. ఇక ఇంజన్‌లో నాలుగు సిలిండర్లుంటాయి. సమతల మార్గంలో మామూలు చక్రాలను తిప్పే రెండే పనిచేస్తాయి. పళ్ళ మార్గం మొదలవగానే, ఆ రెండింటిలో పని ముగించిన ఆవిరిని పొగగొట్టంలోకి వదిలేయకుండా, పళ్ళ చక్రాలను తిప్పే మిగతా రెండు సిలిండర్లలోకి పంపి మరోసారి పని చేయించుకుంటారు. అక్కడ ఇంజన్ చప్పుడు మారుతుంది. పిల్లలను ముందే చెవి ఒగ్గి వినమనండి.

అపోహ: దారి పొడవునా ఆవిరి ఇంజనే ఉంటుంది.

వాస్తవం: సాధారణంగా ఆవిరి ఇంజన్ కూనూరు వరకే వస్తుంది, అక్కడి నుంచి ఊటీకి డీజిల్ ఇంజన్ నడిపిస్తుంది. టికెట్లు సులువుగా దొరికాయని కూనూరు - ఊటీ ముక్క మాత్రమే ప్రయాణించి, ఆవిరి రైలు చూడలేదని పిల్లలు అలిగిన కుటుంబాలు నాకు తెలుసు. ఆవిరి కోసమే వెళ్తున్నవారు మేట్టుపాళ్యంలోనే ఎక్కాలి, అందుకు చాలా ముందుగా రిజర్వేషన్ చేయించుకోవాలి.

అపోహ: రైలు అడవి మధ్యలో ఆగిందంటే ఏదో చెడిపోయినట్టే.

వాస్తవం: అది నీళ్ళ కోసం ఆగుతుంది. వాడిన ఆవిరి చివరకు పొగగొట్టం గుండా బయటకు పోతుందే తప్ప తిరిగి నీరుగా బాయిలరుకు చేరదు కనుక, ఎక్కుడు దారిలో ట్యాంకు త్వరగా ఖాళీ అవుతుంది. మా వృత్తిలో నిప్పు కన్నా ముందు చూసేది నీటిమట్టాన్నే. వాలు మారినప్పుడల్లా బాయిలరులో నీరు ఒక పక్కకు ఒరుగుతుంది, అయినా నిప్పుగది (ఇంధనం మండే అర) పైకప్పు ఎప్పుడూ నీటిలో మునిగే ఉండాలి. ఎక్కడానికి సుమారు ఐదు గంటలు పట్టడాన్ని కూడా లోపంగా భావించనక్కరలేదు.

అపోహ: తెల్లగా వచ్చేదంతా పొగ, నల్లపొగ ఎంత ఎక్కువైతే ఇంజన్‌కు అంత బలం.

వాస్తవం: తెల్లనిది చల్లగాలి తగిలి సన్నని తుంపరగా మారిన ఆవిరి. అసలు ఆవిరి కంటికి కనిపించదు. ఎక్కువైన ఆవిరిని బయటకు వదిలే సేఫ్టీ వాల్వు తెరుచుకున్నప్పుడు దాని మూతికీ తెల్లని మేఘానికీ నడుమ ఏమీ లేనట్టుండే చిన్న ఖాళీని గమనించండి, అక్కడున్నదే ఆవిరి. నల్లపొగ ఇంధనం సరిగా కాలడం లేదనడానికి గుర్తు, అది ఫైర్‌మన్‌కు గొప్పేమీ కాదు.

ఈ మార్గంలోని ఆవిరి ఇంజన్లన్నీ ఇంగ్లండులో తయారైన బొగ్గు ఇంజన్లన్నది మరో పొరపాటు. పేరుపొందిన ఎక్స్ క్లాస్ ఇంజన్లు స్విట్జర్లాండులోని వింటర్‌థుర్‌లో పుట్టాయి. తరువాత తిరుచిరాపల్లిలోని గోల్డెన్ రాక్ వర్క్‌షాపులో నూనెతో మండే కొత్తవాటిని కూడా నిర్మించారు.

పెద్దలను వెంట తీసుకెళ్ళేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. బోగీల్లో మరుగుదొడ్లు ఉండవు, ఆగిన స్టేషన్లలోనే అవసరాలు తీర్చుకోవాలి. దారిలో 16 సొరంగాలున్నాయి కాబట్టి కిటికీలోంచి తల, చేయి బయట పెట్టనివ్వకండి. ఈశాన్య రుతుపవనాల కాలంలో కొండచరియలు విరిగిపడి రైళ్ళు రద్దవుతుంటాయి; ఆ నెలల్లో వెళ్తే ఘాటు రోడ్డు మీదుగా ఊటీ చేరే ఏర్పాటు కూడా చూసుకోండి.