గుంతలో దొరికిన కంకర రాయి

వాన వెలిసిన మర్నాడు హనుమకొండలో రోడ్డు మీది ఒక గుంత దగ్గర వంగి కంకర రాయి చేతిలోకి తీసుకున్నాను. అది తారు పట్టించి పరిచిన రాయే. అయినా తోమి కడిగినట్టు శుభ్రంగా ఉంది, వేళ్లకు నలుపు అంటలేదు. రోడ్డు చెడడం అక్కడే మొదలైంది: తారుకూ రాయికీ మధ్య నీరు దూరింది.

కరీంనగర్, వరంగల్ ప్రాంతాల్లో గ్రానైటుకు కొదవ లేదు. గట్టి రాయే, కానీ అందులో సిలికా ఎక్కువ. అలాంటి రాయికి తారు కన్నా నీటితోనే పొత్తు ఎక్కువ. సందు దొరికితే చాలు, నీరు తారును పక్కకు నెట్టి రాయిని పట్టుకుంటుంది. పైన లారీ చక్రం పడ్డప్పుడల్లా ఆ నీరు మరింత లోపలికి దిగుతుంది.

మదురైలోని త్యాగరాజర్ ఇంజినీరింగ్ కళాశాల రసాయన శాస్త్ర ఆచార్యులు, 2018లో పద్మశ్రీ అందుకున్న రాజగోపాలన్ వాసుదేవన్ వ్యర్థ ప్లాస్టిక్‌తో సరిగ్గా ఈ అతుకు దగ్గరే పని చేశారు. ఆయన ప్లాస్టిక్‌ను తారులో కలపలేదు, ముందుగా రాయికే పూశారు. కంకరను సుమారు 160 డిగ్రీలకు పైగా వేడి చేసి, సన్నగా తరిగిన పాలిథిన్ ముక్కలు చల్లితే, పెనం మీద వెన్నలా కరిగి రాయి చుట్టూ పలుచటి పొర కడతాయి. ఆ తర్వాతే తారు పోస్తారు. పాలిథిన్‌కు నీరు గిట్టదు, తారుతో చక్కగా కలిసిపోతుంది. రాయి మీది సన్నని రంధ్రాలూ మూసుకుపోతాయి. పద్ధతి తేలికైనది, ఉన్న యంత్రాలతోనే సాగుతుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

అయితే పీవీసీ మాత్రం కలవకూడదు. వేడికి దాని నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వెలువడుతుంది, అక్కడ పనిచేసేవాళ్ల ఊపిరితిత్తులకు అది హాని.

5 లక్షలకు మించి జనాభా ఉన్న నగరాలకు 50 కిలోమీటర్ల లోపు తారు రోడ్లలో వ్యర్థ ప్లాస్టిక్ వాడాలని కేంద్రం 2015లోనే చెప్పింది. వరంగల్ ఆ లెక్కలోకి వస్తుంది.

ఈ పొర చేయలేని పనులూ ఉన్నాయి. మన నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగుళ్లిస్తుంది. కింద నేల కదులుతుంటే పైపూత ఏం చేస్తుంది? 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అంత వానకు కావలసింది కాలువలు, కల్వర్టులు.

ఇక అసలు చిక్కు సేకరణ. ఒక వరుస రోడ్డు కిలోమీటరుకు దాదాపు టన్ను ప్లాస్టిక్ పడుతుంది. కవరు 4 గ్రాములనుకుంటే రెండున్నర లక్షల కవర్లు. అవి శుభ్రంగా, పొడిగా ఉండాలి. మేడారం జాతర ముగిశాక మట్టిలో తొక్కుడుపడిన కవర్లను అలాగే తెచ్చి వేడి కంకర మీద వేయలేం. పాల ప్యాకెట్లను రోడ్డులో వేయడం నాకు ఇష్టం లేదు. వాటిని పాత సామాను కొనేవాళ్లు తూకానికి తీసుకుంటారు, అవి మళ్లీ వస్తువులవుతాయి. రోడ్డుకు వెళ్లవలసింది ఎవరూ కొనని పలుచటి చేతి కవర్లు. కిలో తూగాలంటే ఏరేవాళ్లు 250 సార్లు వంగాలి. అంత శ్రమకు గిట్టుబాటు ధర లేకే అవి మోరీల్లో మిగిలిపోతున్నాయి. ఆ కిలోకు ఎంత ఇస్తారో రోడ్డు టెండరులోనే రాయాలి.