ముక్కు కాదు, చిగుళ్లు చూడండి

కుక్క ఒళ్లు మన చేతికి ఎప్పుడూ వేడిగానే తగులుతుంది. మన ఒంట్లో వేడి సుమారు 98.6 డిగ్రీల ఫారెన్‌హీట్ అయితే, ఆరోగ్యంగా ఉన్న కుక్కకు 101 నుంచి 102.5 దాకా ఉంటుంది. పిల్లికీ దాదాపు అంతే. ఈ సంగతి తెలియక హన్మకొండ, కాజీపేటల్లో ఎన్ని ఇళ్లలో రాత్రంతా టెన్షన్ పడుతుంటారో! ముక్కు పొడిబారితే జ్వరమే అనుకోవడమూ సరికాదు. నిద్ర లేచిన కుక్కకు ముక్కు పొడిగానే ఉంటుంది.

నన్నడిగితే ముందు చిగుళ్లు చూడమంటాను. పై పెదవి మెల్లగా ఎత్తండి. చిగురు గులాబీ రంగులో, తడిగా ఉండాలి. వేలితో నొక్కి వదిలితే ఆ చోటు తెల్లబడి, రెండు సెకన్లలోపే మళ్లీ రంగు తేరాలి. అలా తేరిందంటే రక్తం బాగానే అందుతోందన్నమాట. రంగు తేరడం ఆలస్యమైనా, చిగుళ్లు పాలిపోయినా, నీలంగా మారినా తెల్లారేదాకా ఆగొద్దు. కొన్ని కుక్కలకు చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి. వాటికి కింది కనురెప్ప లోపలి వైపు చూడాలి. గోమార్లు పట్టిన కుక్కకు చిగుళ్లు పాలిపోతే వెంటనే రక్తపరీక్ష చేయించండి. గోమార్ల వల్ల వచ్చే ఎర్లీకియా జ్వరంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి.

మే నెల వరంగల్ ఎండల్లో కుక్క రొప్పుతుంటే చాలామంది హడలిపోతారు. దానికి చెమట పట్టేది పాదాల మెత్తల్లోనే, అదీ కొంచెమే. ఒంట్లో వేడిని రొప్పుతూనే వదిలించుకోవాలి. నీడకు తెచ్చి నీళ్లు పెట్టినా రొప్పు తగ్గక, చొంగ చిక్కగా కారుతూ, తూలుతుంటే మాత్రం వడదెబ్బే. ఒళ్లంతా నీళ్లు పోసి, గాలి తగిలేలా చేస్తూ ఆసుపత్రికి తీసుకెళ్లండి.

దయచేసి మన మాత్రలు కుక్కలకు, పిల్లులకు వేయకండి. పారాసిటమాల్‌ను విరిచే ఎంజైమ్ పిల్లి కాలేయంలో చాలా తక్కువ. సగం మాత్ర కూడా ప్రాణం తీయొచ్చు. ఎర్ర రక్తకణాలు ఆక్సిజన్‌ను మోయలేని స్థితికి వస్తాయి, చిగుళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి.

మీ కుక్కో పిల్లో హుషారుగా ఉన్న రోజుల్లోనే చిగుళ్ల రంగు చూసి పెట్టుకోండి. నిద్రలో నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తుందో లెక్కపెట్టి ఫోన్లో రాసుకోండి. సాధారణంగా 30 దాటదు. అవసరం పడ్డ రోజున డాక్టరుకు "ఏదో తేడాగా ఉంది సార్" అనే బదులు, "నిద్రలో 20 ఉండేది, ఇవాళ 44 ఉంది సార్" అని చెప్పగలుగుతారు.