ట్యాబ్‌లో బైబిల్ యాప్: అపోహలు - వాస్తవాలు

గుంటూరు అరండల్‌పేటలో శనివారం సాయంత్రం జరిగే మా బైబిల్ స్టడీకి వచ్చేవాళ్లలో సగం మంది చేతుల్లో ఇప్పుడు ట్యాబే ఉంటోంది. సండే స్కూల్ టీచర్లకూ, పల్లెల్లో సేవ చేసే పాస్టర్లకూ యాప్‌లు వేసిపెట్టే పని కొన్నేళ్లుగా నాదే. "బ్రదర్, అన్నిటికన్నా మంచి యాప్ ఏది?" అని అడుగుతారు. నేను పేరు చెప్పకుండా ముందు ఎదురు ప్రశ్న వేస్తాను: మీ ఊళ్లో సిగ్నల్ ఎలా ఉంటుంది?

అపోహ: యాప్ వేసుకుంటే బైబిల్ ట్యాబ్‌లోకి వచ్చేసినట్టే.

కాదు. చాలా యాప్‌లు వచనాలను అప్పటికప్పుడు నెట్ నుంచి తెచ్చి చూపిస్తాయి. తాడికొండ అవతల ఒక ఊళ్లో కాటేజ్ ప్రేయర్‌లో మా పాస్టరుగారు కీర్తనలు తెరవబోతే తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. పక్కనున్న అవ్వ "యెహోవా నా కాపరి" అని కంఠతా అందుకుంది కాబట్టి ప్రార్థన ఆగలేదు. 2008 నుంచి ఉచితంగా దొరుకుతున్న యూవర్షన్‌లో కూడా అన్ని అనువాదాలనూ దించుకోలేం. హక్కులున్న ప్రచురణకర్తలు ఒప్పుకున్నవే ఆఫ్‌లైన్‌లో వస్తాయి. అందుకే యాప్ వేయగానే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి ఆదికాండము, కీర్తనలు, ప్రకటన తెరిచి చూడండి. చోటు చాలదని భయం వద్దు. బైబిల్ అక్షరాలకు కొన్ని ఎంబీలు చాలు, మెమరీని నింపేది ఆడియోనే.

అపోహ: వెతికితే రాలేదంటే ఆ మాట బైబిల్లో లేనట్టే.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. మన ఇళ్లలో ఉండే బైబిల్ సొసైటీ పాత అనువాదం గ్రాంథిక భాషలో ఉంటుంది. మీరు "లోకం" అని కొడితే యోహాను 3:16 రాదు, ఎందుకంటే అక్కడ ఉన్నది "లోకమును". "విశ్వాసం" అని వెతికినా అంతే, అక్కడ "విశ్వాసముంచు" అని కలిసిపోయి ఉంది. సున్నా తీసేసి "లోక", "విశ్వాస" అని కొట్టండి. అప్పుడూ రాకపోతే ఆ యాప్ పూర్తి పదాలనే వెతుకుతోందన్నమాట. సెట్టింగ్స్‌లో పదంలో కొంత భాగం వెతికే వీలుందేమో చూడండి. అదీ లేకపోతే తెలుగులో స్టడీ చేసేవారికి ఆ యాప్ పనికిరాదు, ఎంత అందంగా ఉన్నా సరే.

అపోహ: స్ట్రాంగ్స్ నంబర్లుంటే గ్రీకు వచ్చేసినట్టే.

స్ట్రాంగ్స్ నంబర్లంటే బైబిల్ మూలభాషలైన హీబ్రూ, గ్రీకుల్లో ఒక్కో మాటకు ఇచ్చిన అంకెలు. 1890లో జేమ్స్ స్ట్రాంగ్ ఆ నంబర్లు వేసింది ఇంగ్లిష్ కింగ్ జేమ్స్ బైబిల్‌కు. అందుకే ట్యాబ్‌ను అడ్డంగా తిప్పి, ఒక పక్క తెలుగు, మరో పక్క నంబర్లున్న కింగ్ జేమ్స్ పెట్టుకోవాలి. యోహాను 21లో యేసు పేతురును మూడుసార్లు అడిగినప్పుడు తెలుగులో మూడుచోట్లా "ప్రేమించుచున్నావా" అనే ఉంటుంది. నంబర్లలో మొదటి రెండుసార్లు 25, అంటే అగపావో. మూడోసారి 5368, ఫిలియో. ఇది చూసి మా యువకుడొకరు మొదటిది దైవప్రేమ, రెండోది వట్టి స్నేహం అని ప్రసంగం అల్లేశాడు. అదే సువార్తలో తండ్రి కుమారుణ్ణి ప్రేమిస్తున్నాడని చెప్పేటప్పుడు 3:35లో మొదటి మాట, 5:20లో రెండో మాట ఉన్నాయి. రెండూ పక్కపక్కన తెరిచి చూపించాను. చాలాసేపు చూసి, రాసుకున్న కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అపోహ: వ్యాఖ్యానాలు ఎన్ని ఎక్కువుంటే యాప్ అంత గొప్పది.

ఉచితంగా వచ్చే వ్యాఖ్యానాల్లో ఎక్కువ భాగం కాపీరైట్ గడువు తీరిన పాత ఇంగ్లిష్ పుస్తకాలు. అందరూ దించుకునే వ్యాఖ్యానం రాసిన మాథ్యూ హెన్రీ 1714లోనే చనిపోయారు. అపొస్తలుల కార్యముల వరకే ఆయన రాసింది, రోమా నుంచి ప్రకటన దాకా ఇతరులు పూర్తిచేశారు. చదవండి, కానీ రెండు మూడు చాలు.

డబ్బు కట్టిన యాపే మంచిదన్నదీ నిజం కాదు. ఆండ్రాయిడ్‌లో ఆండ్‌బైబిల్ పూర్తిగా ఉచితం, వ్యాపార ప్రకటనలు రావు, రెండు మూడు కిటికీలు పక్కపక్కన తెరుచుకుంటాయి. మీకు కావలసిన తెలుగు అనువాదం దాని జాబితాలో ఉందో లేదో మాత్రం ముందే చూసుకోండి.

విజయవాడ గుణదల నుంచి వచ్చిన ఒక కథోలిక అమ్మగారు యాప్‌లో తోబీతు గ్రంథం కనబడలేదని టెన్షన్ పడ్డారు. ట్యాబ్‌లో లోపమేమీ లేదు. ఆమె వేసుకున్న అనువాదంలో 66 పుస్తకాలే ఉన్నాయి, కథోలిక బైబిల్లో 73.

ఇక నోట్స్. యాప్‌లో రాసుకున్నది ఎక్కడికీ పోదనుకుంటారు. మా పెద్దలలో ఒకాయన రోమా పత్రిక మీద రెండేళ్లు రాసుకున్నదంతా ట్యాబ్ రీసెట్ చేయగానే పోయింది. లాగిన్ లేదు, బ్యాకప్ లేదు. ఆ రోజు ఆయన ముఖం నాకింకా గుర్తుంది. ఈ వారమే సెట్టింగ్స్‌లోకి వెళ్లి బ్యాకప్ ఫైలు తీసి, ఇంట్లో ఇంకో ఫోన్‌కు పంపుకోండి.