బృహద్ధమని మీద ఏటా ఓ కన్ను

1986 జనవరి 24. జపాన్‌లోని మత్సుయేలో వాలీబాల్ మ్యాచ్ జరుగుతోంది. అమెరికా క్రీడాకారిణి ఫ్లో హైమన్ ఆట మధ్యలో బయటికొచ్చి బెంచీ మీద కూర్చుంది. కాసేపటికే ఒరిగిపోయింది. ఆమెకు అప్పటికి 31 ఏళ్లు. ఏడాదిన్నర కిందటే లాస్ ఏంజిలెస్ ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన జట్టులో ఆమె ఉంది. మొదట గుండెపోటు అనుకున్నారు. పోస్ట్‌మార్టంలో గుండె నుంచి ఒంటికి రక్తాన్ని మోసుకెళ్లే పెద్ద నాళమైన బృహద్ధమని చీలిందని, దానికి కారణం మార్ఫాన్ సిండ్రోమ్ అని తేలింది. 6 అడుగుల 5 అంగుళాల ఎత్తు, బారెడు చేతులు. ఆటకు వరమని అందరూ మెచ్చుకున్నవే ఆ జబ్బు ఆనవాళ్లు.

ఇది దాదాపు 5 వేల మందిలో ఒకరికి ఉంటుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. ఇంట్లో ఎవరికీ లేకుండా కొత్తగా రావడమూ ఉంది. ఫైబ్రిలిన్ అనే ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువులో లోపం వల్ల రక్తనాళాల గోడ పటుత్వం తగ్గుతుంది. పోలిక మోటుగా ఉన్నా, ఎలాస్టిక్ వదులైన నిక్కరు లాంటిదే. గుండె కొట్టుకున్న ప్రతిసారీ బృహద్ధమని మొదలు కొంచెం కొంచెంగా సాగుతుంది. నొప్పి ఉండదు, ఆయాసం ఉండదు. చిక్కంతా అక్కడే.

అందుకే ఎకో. మన ఆసుపత్రుల్లో '2డి ఎకో' అనేది ఇదే. ఛాతీకి జెల్ రాసి, ప్రోబ్ ఆనించి, లోపలి నుంచి తిరిగొచ్చే శబ్ద తరంగాలతో బొమ్మ గీస్తారు. రేడియేషన్ లేదు కాబట్టి చంటిపిల్లలకైనా ఎన్నిసార్లైనా చేయొచ్చు.

రిపోర్టులో చూడాల్సింది 'అయోర్టిక్ రూట్', అంటే గుండెకు ఆనుకుని ఉండే బృహద్ధమని మొదటి భాగం కొలత. ఒక్క అంకెను బట్టి ఏమీ తేల్చలేం. 38 మిల్లీమీటర్లు ఆజానుబాహుడికి మామూలే కావచ్చు, పదేళ్ల పిల్లకైతే చాలా ఎక్కువ. అందుకే పిల్లల్లో ఒంటి సైజుతో కలిపి లెక్కగడతారు. జబ్బు తెలియగానే ఒకసారి, ఆరు నెలలకు మరోసారి, నిలకడగా ఉంటే ఆపైన ఏటా ఎకో తీస్తారు. చూసేది తేడానే. కొలిచే చేయి మారితే ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూఇటూ అవుతాయి గనుక, పాత రిపోర్టుల ఫైలు కూడా మెషీన్ అంత ముఖ్యమని నా అభిప్రాయం. సాగడం నెమ్మదించడానికి బీటా బ్లాకర్లు, లోసార్టాన్ వంటి మందులిస్తారు. పెద్దవాళ్లలో 50 మిల్లీమీటర్లకు చేరితే సాధారణంగా ఆపరేషన్ చేస్తారు. కుటుంబంలో ఎవరికైనా బృహద్ధమని చీలిన చరిత్ర ఉంటే 45 దగ్గరే ఆలోచిస్తారు.

అన్నీ ఎకోకు దొరకవు. బృహద్ధమని కిందికి వెళ్లిన భాగాన్ని సరిగ్గా చూడాలంటే సీటీ, ఎంఆర్‌ఐ కావాలి. ఇదే కోవకు చెందిన వాస్క్యులర్ ఎహ్లర్స్-డాన్లోస్ సిండ్రోమ్‌లోనైతే నాళం ఉబ్బకుండానే చిట్లిపోవచ్చు. అక్కడ 'ఎకో నార్మల్' అన్న మాటతో నిశ్చింతగా ఉండలేం.

హైమన్ చనిపోయాక ఆమె సోదరుడికి పరీక్షలు చేశారు. ఆయన బృహద్ధమని కూడా అప్పటికే ఉబ్బి ఉంది. చీలకముందే ఆపరేషన్ చేశారు.