ఫీజు కడితే పత్రం, పత్రం ఉంటే పాయింటు

2019 మార్చిలో అమెరికాలోని నెవాడా ఫెడరల్ కోర్టు, హైదరాబాద్ కేంద్రంగా పరిశోధన పత్రాలు ప్రచురిస్తూ సదస్సులు జరిపే ఒమిక్స్ గ్రూప్ 5.01 కోట్ల డాలర్లు చెల్లించాలని తీర్పు ఇచ్చింది. అప్పటి రేటు ప్రకారం మన లెక్కలో దాదాపు 350 కోట్ల రూపాయలు. అక్కడ వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016 ఆగస్టులో వేసిన కేసు అది. పత్రం పంపేముందు ఫీజు సంగతి సరిగా చెప్పరు, తోటి నిపుణులు పత్రాన్ని చదివి తూకం వేసే సమీక్ష జరగకపోయినా జరిగిందంటారు, సదస్సుకు రావడానికి ఒప్పుకోని శాస్త్రవేత్తల పేర్లు వక్తలుగా ప్రకటిస్తారు అన్నవి ప్రధాన ఆరోపణలు. ఆ సంస్థ సదస్సుల్లో 100 పరిశీలిస్తే దాదాపు 60 శాతంలో, ఒప్పుకోనివాళ్ల పేర్లను నిర్వాహకులుగానో వక్తలుగానో వాడుకున్నారన్న ఆధారాన్ని న్యాయమూర్తి గ్లోరియా నవారో తన తీర్పులో ప్రస్తావించారు. సంస్థ ఆరోపణలను ఖండించి అప్పీలుకు వెళ్లింది. 2020లో పై కోర్టు కూడా కింది తీర్పునే ఖాయం చేసింది.

మన ఊరి పేరు ఇలాంటి తీర్పులో కనిపించడం బాధగానే ఉంటుంది. కానీ తప్పంతా ఒక్క కంపెనీదే అనుకుంటే అసలు విషయం తెలియదు. డబ్బు కట్టినవాళ్లలో దేశదేశాల అధ్యాపకులు, పరిశోధక విద్యార్థులు ఉన్నారు. కొందరు నిజంగా మోసపోయారు. కొందరికి సర్టిఫికెట్ వస్తే చాలు. ఎవరూ చదవని పత్రానికి వేల రూపాయలు ఎందుకు కడతారో అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

సదస్సు పుట్టింది ఇంకా పూర్తికాని పనిని తోటివాళ్ల ముందు పెట్టడానికి. అక్కడ ప్రశ్నలు వస్తాయి, తప్పులు బయటపడతాయి, దిద్దుకున్నాక జర్నల్‌కు పంపుతారు. చాలా శాస్త్రాల్లో ఇప్పటికీ ఇదే పద్ధతి. కంప్యూటర్ సైన్స్ మాత్రం వేరే దారి పట్టింది. జర్నల్‌లో అచ్చయ్యేలోపు విషయం పాతబడిపోతుంది కాబట్టి అక్కడ సదస్సు పత్రమే తుది ప్రచురణ అయింది. ఐట్రిపుల్‌ఈ, ఏసీఎం అనే వృత్తి సంఘాలు, స్ప్రింగర్ లాంటి ప్రచురణ సంస్థలు సదస్సు సంపుటాలను అచ్చువేశాయి. పరిశోధన పత్రాల వివరాలను జాబితా కట్టే స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ వాటిని తమ ఇండెక్సుల్లో చేర్చుకున్నాయి. ఉద్యోగానికీ ప్రమోషన్‌కూ ఆ ఇండెక్సులే కొలమానం కావడంతో సదస్సు పత్రానికి బజారు విలువ వచ్చింది.

ఇందులో అందరికీ తెలిసినా ఎవరూ పెద్దగా మాట్లాడని ఏర్పాటు ఒకటి ఉంది. సమీక్ష చేయించే బాధ్యత సదస్సు నిర్వాహకులది, కవర్ మీద పేరు ప్రచురణ సంస్థది. సమీక్షకులు జీతం లేకుండా, గడువు తరుముతుంటే చదువుతారు. పత్రం ఆమోదం పొందాక రచయితల్లో కనీసం ఒకరు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టాలి, కట్టకపోతే పత్రం తీసేస్తారు. అంటే ఆమోదించిన ప్రతి పత్రమూ నిర్వాహకులకు ఆదాయం, తిరస్కరించిన ప్రతి పత్రమూ నష్టం. పేరున్న సదస్సులు ఈ ఒత్తిడికి లొంగకుండా వచ్చిన పత్రాల్లో అధిక భాగాన్ని తిప్పి పంపుతాయి. కాపాడుకోవాల్సిన పేరే లేని సదస్సుకు అలా తిప్పి పంపాల్సిన అవసరం ఏముంది?

2005లో ఎంఐటీ విద్యార్థులు ముగ్గురు దీన్నే పరీక్షకు పెట్టారు. జెరెమీ స్ట్రిబ్లింగ్, మాక్స్ క్రోన్, డాన్ అగ్వాయో కలిసి సైజెన్ అనే ప్రోగ్రామ్ రాశారు. బటన్ నొక్కితే గ్రాఫులు, రిఫరెన్సులతో సహా అర్థంలేని కంప్యూటర్ సైన్స్ పత్రం తయారవుతుంది. అలా తయారైన పత్రాన్ని ఓర్లాండోలో జరిగే డబ్ల్యూఎంఎస్‌సీఐ అనే సదస్సు ఆమోదించింది. సమీక్షకుల అభిప్రాయాలు అందకపోయినా, 'సమీక్షించని పత్రం' అన్న వర్గంలో తీసుకుంది. విషయం బయటపడ్డాక ఆమోదం రద్దు చేసింది.

అందరూ నవ్వుకున్నారు, అంతటితో వదిలేశారు. ఆ ప్రోగ్రామ్‌ను మాత్రం కొందరు నిజంగానే వాడుకున్నారు. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌కు చెందిన కంప్యూటర్ శాస్త్రవేత్త సిరిల్ లబ్బే, 2008-2013 మధ్య అచ్చయిన సంపుటాల్లో 120కి పైగా సైజెన్ పత్రాలను పట్టుకున్నారు. 2014లో ఈ సంగతి బయటికి వచ్చింది. వాటిలో 16 స్ప్రింగర్‌వి, మిగతావి ఐట్రిపుల్‌ఈవి. ఎవరైనా ఒక్క పేజీ చదివినా దొరికిపోయే పత్రాలవి. అచ్చయి, ఇండెక్స్ అయి, అమ్ముడయ్యాయి. 2009-11 మధ్య సదస్సులకు చెందిన 7 వేలకు పైగా పత్రాల సారాంశాలను ఐట్రిపుల్‌ఈ ఉపసంహరించుకుంది. 2022లో బ్రిటన్‌కు చెందిన ఐఓపీ పబ్లిషింగ్ ఫిబ్రవరిలో 350, సెప్టెంబరులో మరో 494 పత్రాలను రద్దు చేసింది. వాటిలో అత్యధికం సదస్సు పత్రాలే. వేరేవాళ్ల పత్రంలోని మాటలను సాఫ్ట్‌వేర్‌తో పర్యాయపదాలుగా మార్చి కాపీ పరీక్ష దాటించడం అప్పటికే ఒక పరిశ్రమ అయింది. అలా వికారమైన పదబంధాలను ఏరి పట్టుకునే పద్ధతిని 2021లో గియోమ్ కబానాక్, లబ్బే, అలెగ్జాండర్ మగజినోవ్ తయారుచేశారు.

ఒమిక్స్ సదస్సుల మీదా ఇలాంటి పరీక్ష జరిగింది. 2016లో న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయ అధ్యాపకుడు క్రిస్టోఫ్ బార్ట్‌నెక్‌కు అణు భౌతికశాస్త్ర సదస్సు నుంచి ఆహ్వానం వచ్చింది. ఆయనకు ఆ శాస్త్రంతో సంబంధం లేదు. ఫోన్ సూచించిన మాటలనే వరసగా నొక్కుకుంటూ పోయి సారాంశం రాసి పంపారు. మూడు గంటల్లో ఆమోదం వచ్చింది. రిజిస్ట్రేషన్ ఫీజు 1,099 డాలర్లు.

ఇక మన దేశం సంగతి. 2010లో, విశ్వవిద్యాలయాల నిబంధనలు చూసే కేంద్ర సంస్థ యూజీసీ అధ్యాపకుల నియామకాలకూ ప్రమోషన్లకూ ఏపీఐ అనే పాయింట్ల పద్ధతి తెచ్చింది. అప్పట్లో అంతర్జాతీయ సదస్సులో పత్రం సమర్పిస్తే 10 పాయింట్లు, జాతీయ సదస్సు అయితే 7.5 వచ్చేవి. అంతర్జాతీయ సదస్సు అని పేరు పెట్టుకోవడం ఎంత తేలికో మన కాలేజీల్లో పనిచేసే ఎవరినడిగినా చెబుతారు. 2016 పీహెచ్‌డీ నిబంధనలు థీసిస్ సమర్పించేలోపు జర్నల్‌లో ఒక పత్రం, సదస్సుల్లో రెండు సమర్పణలు తప్పనిసరి చేశాయి. రుజువుగా సర్టిఫికెట్ చూపిస్తే సరిపోయేది. పత్రంలో ఏముందో చూడాలన్న షరతు ఎక్కడ ఉండేది? ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ల్యాబ్ లేని, లైబ్రరీ లేని, వారమంతా క్లాసులతో ఊపిరాడని కాలేజీ అధ్యాపకుడి ముందు ఈ లెక్క పెడితే ఆయన ఏం చేస్తాడు? తెలుగు రాష్ట్రాల్లో వందలాది ఇంజనీరింగ్ కాలేజీలు ఉన్నాయి. అక్కడి అధ్యాపకులకు అక్రెడిటేషన్ ఫైల్ నింపడమే ఏడాది పొడుగునా టెన్షన్. కొన్నిచోట్ల బీటెక్ ప్రాజెక్టుకు కూడా పత్రం తెమ్మంటున్నారు. ఆ అధ్యాపకుణ్ని దొంగ అని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. ఆయన చేతిలో ఆ లెక్క పెట్టినవాళ్ల జవాబుదారీతనం గురించి ఇంకా గట్టిగా అడగాలి.

ఫీజు కోసం పత్రాలను ఆమోదించని పెద్ద సదస్సుల్లో కూడా ఒత్తిడి తక్కువేం కాదు. కంప్యూటర్ ఆర్కిటెక్చర్‌లో పేరెన్నికగన్న ఐఎస్‌సీఏ సదస్సుకు ఆమోదం పొందిన ఒక పత్రం మీద 2019లో తీవ్ర ఆరోపణలు వచ్చాయి. దాని రచయితల్లో ఒకరైన పీహెచ్‌డీ విద్యార్థి ఆ ఏడాది జూన్‌లో ఆత్మహత్య చేసుకున్నాడు. విచారణ తర్వాత 2021లో ఏసీఎం చర్యలు ప్రకటించింది. గోప్యంగా ఉండాల్సిన సమీక్షకుల వివరాలు చేతులు మారాయని తేల్చి, ఒకరిని 15 ఏళ్లు నిషేధించింది. సమీక్షకులు కుమ్మక్కై ఒకరి పత్రాలను ఒకరు గెలిపించుకునే ముఠాల గురించి అదే ఏడాది కంప్యూటర్ శాస్త్రవేత్త మైఖేల్ లిట్‌మన్ బహిరంగంగా రాశారు. 2025 జులైలో జపాన్ పత్రిక నిక్కేయి 8 దేశాల 14 సంస్థలకు చెందిన 17 పత్రాల ముసాయిదాల్లో కంటికి కనపడని ఆదేశాలు దొరికాయని రాసింది. మనిషికి బదులు ఏఐ చదివితే మంచి రివ్యూ మాత్రమే ఇవ్వాలని వాటి సారం. సమీక్షకుడు చదవడన్న నమ్మకం రచయితలో ఇంతగా పాతుకుపోయింది.

దిద్దుబాటు జరగలేదని కాదు. దొంగ సదస్సుల్లో సమర్పించిన పత్రాలకు నియామకాల్లో, ప్రమోషన్లలో విలువ ఇవ్వకూడదని 2019 జూన్‌లో యూజీసీ ప్రకటించింది. నాణ్యమైన జర్నళ్లకు కేర్ జాబితా తెచ్చింది. 2022 నిబంధనల్లో పీహెచ్‌డీకి పత్రాల షరతు తీసేసింది. నా లెక్కలో వీటన్నిటిలో విలువైన అడుగు అదే, ఎందుకంటే అది కొనేవాడి అవసరాన్నే తగ్గించింది. జాబితాలకు ఆ శక్తి లేదు. ఒక పేరు తీసేస్తే ఇంకో పేరుతో సదస్సు మొదలవుతుంది. కేర్ జాబితాను కూడా 2025 ఫిబ్రవరిలో యూజీసీ ఆపేసి, మంచి జర్నల్‌ను గుర్తించే బాధ్యతను విద్యాసంస్థలకే అప్పగించింది. అందుకోసం ఇచ్చిన సూచనలు జర్నళ్లకు సంబంధించినవి. సదస్సు పత్రాన్ని ఎంపిక కమిటీలో ఎవరు చదవాలి, చదివినట్టు ఎక్కడ రాయాలి అన్నది ఇప్పుడు ఏ విశ్వవిద్యాలయానికి ఆ విశ్వవిద్యాలయమే తేల్చుకోవాలి.