ఫోనుకు దిష్టి తీస్తే చుక్కలు సర్దుకుంటాయా?

2025 జనవరి, ఫిబ్రవరి నెలల్లో "గ్రహాల కవాతు" అంటూ టీవీలు ఊదరగొట్టినప్పుడు చాలామంది మొదటిసారి ఫోన్‌లో ఆకాశం చూపించే యాప్ వేసుకున్నారు. స్టెల్లేరియం, స్కై మ్యాప్, స్టార్ వాక్, ఏదో ఒకటి. అప్పటి నుంచి నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "సార్, గురుడు అక్కడ ధగధగా మెరుస్తున్నాడు, యాప్ మాత్రం జానెడు పక్కన చూపిస్తోంది. తప్పు యాప్‌దా, నా ఫోన్‌దా?" ఒకాయన అయితే పంచాంగం కూడా తెరిచి పెట్టుకున్నారు. పంచాంగంలో గురుడు వృషభంలో ఉన్నాడు, కంటికి గురుడు కనిపిస్తున్న చోట యాప్ మిథునం బొమ్మ గీస్తోంది, దేన్ని నమ్మాలని ఆయన సందేహం.

పంచాంగం సరైనదే, యాప్ సరైనదే. ఆ నెలల్లో గురుడు రోహిణి నక్షత్రం పక్కనే, వృషభంలోనే ఉన్నాడు. తప్పు చేసింది ఫోన్‌లోని దిక్సూచి. అది ఎందుకు తప్పుతుందో, దాన్ని ఎలా దారిలో పెట్టాలో చెప్పడానికే ఈ వ్యాసం. ఏ యాప్ మంచిది, ధర ఎంత లాంటివి ఎవరైనా చెబుతారు.

ముందుగా ఒక అపోహ. ఫోన్‌ను పైకెత్తితే కెమెరా చుక్కల్ని చూసి గుర్తుపడుతుందని చాలామంది అనుకుంటారు. కెమెరాకు వేలు అడ్డం పెట్టి చూడండి, యాప్‌కు చీమ కుట్టినట్టయినా ఉండదు. అది ఆకాశాన్ని చూడదు, లెక్క కడుతుంది. లెక్కకు కావలసినవి మూడే: ఇప్పుడు టైమెంత, మీరెక్కడున్నారు, ఫోన్ వీపు ఎటు తిరిగి ఉంది.

మొదటి రెండూ జీపీఎస్ ఇచ్చేస్తుంది. మన గడియారాలన్నీ కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశం ప్రకారం నడుస్తాయి. నక్షత్రాలకు ఆ ఏర్పాటుతో పని లేదు. ఒక్కో డిగ్రీ పడమరకు జరిగితే నాలుగు నిమిషాలు ఆలస్యం. విశాఖపట్నంలో రాత్రి 8 గంటలకు సరిగ్గా ఉత్తర దక్షిణ రేఖ దాటే చుక్క హైదరాబాద్‌లో ఆ రేఖ దాటేసరికి 8 గంటల 19 నిమిషాలు అవుతుంది. పైగా నక్షత్రాల లెక్కలో భూమి తన చుట్టూ తాను తిరగడానికి 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లే పడుతుంది కాబట్టి, ఏ చుక్కైనా నిన్నటి కంటే నాలుగు నిమిషాలు ముందే ఉదయిస్తుంది. పంచాంగం గుణించేవాళ్ళకు ఇవేవీ కొత్త కాదు. యాప్ వీటిని సెకనుకు ఎన్నోసార్లు చేస్తుంది, అంతే తేడా.

అన్నట్టు, యాప్ తెరిచి ఫోన్‌ను నేల వైపు తిప్పారా ఎప్పుడైనా? అక్కడా చుక్కలుంటాయి. అర్ధరాత్రి సూర్యుడు కాళ్ళ కింద కనిపిస్తాడు. ఈ సౌకర్యంతో పెళ్ళిలో అరుంధతీ దర్శనాన్ని పరీక్షించవచ్చు. వశిష్ఠుడు అంటే యాప్‌లో మైజార్, పక్కనే ఉన్న ఆల్కార్ అరుంధతి. హైదరాబాద్ అక్షాంశంలో ఈ జంట రోజుకు సుమారు పదిహేనున్నర గంటలు దిగంతం పైన ఉంటుంది, మిగతా ఎనిమిదిన్నర గంటలు కింద. నవంబరు మధ్యలో రాత్రి 8 గంటల ముహూర్తం అనుకోండి. అప్పుడు అరుంధతి ఉత్తరం వైపు దిగంతానికి 13 డిగ్రీల కింద ఉంటుంది. పురోహితుడు మాత్రం చెయ్యి పైకే చూపిస్తారు, పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కనబడిందనే తలూపుతారు.

ఇక మూడోది, ఫోన్ ఎటు తిరిగి ఉంది అన్నది. ఇందులో రెండు భాగాలున్నాయి. ఎంత ఎత్తుకు చూస్తోంది అన్నది సులువు. ఫోన్‌లో సిలికాన్‌తో చెక్కిన బుల్లి బరువు ఒకటి, సన్నని స్ప్రింగుల మీద వేలాడుతూ ఉంటుంది. ఫోన్ కదలకుండా ఉంటే భూమ్యాకర్షణ ఆ బరువును లాగే దిక్కే 'కింద'. ఇది దాదాపు ఎప్పుడూ మోసం చెయ్యదు. కావాలంటే ధ్రువ నక్షత్రంతో సరిచూసుకోండి. ధ్రువుడి ఎత్తు మీ ఊరి అక్షాంశానికి ఇంచుమించు సమానం: తిరుపతిలో 13.6 డిగ్రీలు, హైదరాబాద్‌లో 17.4, శ్రీకాకుళంలో 18.3. మహా అయితే డిగ్రీలో మూడింట రెండు వంతులు అటూ ఇటూ అవుతుంది. కాకపోతే అంత కిందున్న చుక్క పక్కింటి వాటర్ ట్యాంకు చాటున లేకుండా ఉండాలి.

చిక్కంతా తూర్పు ఎటు, ఉత్తరం ఎటు అన్నదాంట్లో. దీనికి భూమి అయస్కాంత క్షేత్రమే ఆధారం. ఫోన్‌లో దాన్ని కొలిచేది చాలావరకు హాల్ ఎఫెక్ట్ చిప్పు. కరెంటు పారుతున్న పలకకు అడ్డంగా అయస్కాంత క్షేత్రం ఉంటే పక్కల మధ్య చిన్న వోల్టేజీ పుడుతుందని ఎడ్విన్ హాల్ 1879లో కనిపెట్టాడు. ఎలక్ట్రాన్ బయటపడింది ఆ తరవాతే, 1897లో. ఇలాంటి పలకలతో మూడు దిక్కుల్లోనూ కొలుస్తారు. కొలవాల్సింది మాత్రం చాలా బలహీనమైనది. భూమి క్షేత్రం చోటును బట్టి 25 నుంచి 65 మైక్రోటెస్లాలు (అయస్కాంత క్షేత్రం బలాన్ని కొలిచే ప్రమాణం ఇది). హైదరాబాద్‌లో 42 దరిదాపుల్లో ఉంటుంది. ఫ్రిజ్‌కు అంటించే బొమ్మ వెనక అయస్కాంతం దానికి వంద రెట్లు ఉండొచ్చు.

మరి ఫోన్‌లోనే అయస్కాంతాలున్నాయి కదా! స్పీకర్‌లో ఒకటి, చెవి దగ్గర పెట్టుకునే దాంట్లో ఒకటి, వైబ్రేషన్ మోటార్‌లో ఒకటి, కెమెరా ఫోకస్‌లో మరొకటి. దిక్సూచి చిప్పు ఈ గోలలో కూర్చుని భూమి గొంతు వినాలి. అది వినలేకపోయినప్పుడే యాప్ మిమ్మల్ని ఫోన్‌తో గాల్లో ఇంగ్లీషు ఎనిమిది అంకె గీయమంటుంది. చూసేవాళ్ళకు అది అచ్చం ఫోనుకు దిష్టి తీస్తున్నట్టే ఉంటుంది. చాలామంది దాన్ని అలాగే, నమ్మకంతో, మూడుసార్లు తిప్పి ఊరుకుంటారు. కానీ ఈ దిష్టి వెనక చక్కని జ్యామితి ఉంది.

ఫోన్‌ను ఎటు తిప్పినా భూమి క్షేత్రం బలం మారదు, మారేది మూడు అక్షాల మధ్య అది ఎలా పంచుకుందన్నదే. ఒక్కో భంగిమలో వచ్చే మూడు అంకెల్ని ఒక బిందువుగా గుర్తుపెట్టుకుంటూ పోతే, ఆ బిందువులన్నీ 42 మైక్రోటెస్లాల వ్యాసార్థం ఉన్న గోళం మీద పడతాయి. గోళం కేంద్రం సున్నా దగ్గర ఉండాలి. కానీ స్పీకర్ అయస్కాంతం ఫోన్‌తో పాటే తిరుగుతుంది. అంటే ఫోన్ దృష్టిలో దాని బలం, దిక్కు రెండూ స్థిరమే. ప్రతి బిందువుకూ అవే మూడు అంకెలు అదనంగా కలుస్తాయి. గోళం చెక్కుచెదరదు, మొత్తంగా పక్కకు జరుగుతుంది. కొత్త కేంద్రం ఎక్కడుందో కనుక్కుని దాన్ని తీసేస్తే మిగిలేది భూమి క్షేత్రమే.

గోళం సమీకరణాన్ని విస్తరించి రాస్తే కేంద్రానికి మూడు, వ్యాసార్థానికి ఒకటి, మొత్తం నాలుగు తెలియని రాశులు వస్తాయి. అవి ఏకఘాత సమీకరణాల్లో ఒదుగుతాయి. సూత్రప్రాయంగా నాలుగు బిందువులు చాలు, ఒక్క షరతు మీద: నాలుగూ ఒకే తలంలో ఉండకూడదు. ఎనిమిది అంకె అందుకే. ఫోన్‌ను టేబుల్ మీద పడుకోబెట్టి గిరగిరా తిప్పితే వచ్చేది ఒక వృత్తం మాత్రమే, ఒకే వృత్తం గుండా పోయే గోళాలు లెక్కలేనన్ని. నిజంగా దిష్టి తీసినట్టు ఫోన్‌ను నిటారుగా పట్టుకుని చెయ్యి మాత్రం గుండ్రంగా తిప్పారా, అది ఇంకా దండగ. చోటు మారింది కానీ ఫోన్ భంగిమ మారలేదు, బిందువులన్నీ ఒక్కచోటే పోగుపడతాయి. మణికట్టు మెలితిరగాలి. తెర ఒకసారి ఆకాశాన్ని, ఒకసారి నేలను, ఒకసారి ఎడమను, ఒకసారి కుడిని చూడాలి. ఎనిమిది గీసేటప్పుడు మణికట్టు దానంతట అదే మెలితిరుగుతుంది కాబట్టి ఆ అంకె చెబుతారు. మీరు గాల్లో సున్నా చుట్టినా ఫరవాలేదు, ఫోన్ అన్ని వైపులకూ దొర్లితే చాలు.

ఫోన్‌లో అయస్కాంతం కాని ఇనుము, నికెల్ లాంటివి కూడా ఉంటాయి. అవి భూమి క్షేత్రాన్నే వంచుతాయి, అప్పుడు గోళం సాగిపోయి ఎలిప్సాయిడ్ అవుతుంది, తెలియని రాశులు తొమ్మిదికి పెరుగుతాయి. పద్ధతి మాత్రం అదే.

ఎంత తిప్పినా పోనిది ఒకటుంది, మీతో పాటు తిరగని ఇనుము. డాబా స్లాబులో కడ్డీలు, పిట్టగోడ రెయిలింగు, పక్కన నిలబెట్టిన బైకు. వాటి క్షేత్రం భూమి క్షేత్రంతో కలిసే వస్తుంది, రెండింటినీ విడదీసే దారి లేదు. స్లాబుకు వీలైనంత ఎత్తున, డాబా మధ్యలో నిలబడి చూడటమే మార్గం. అయస్కాంతం మూత ఉన్న ఫోన్ కవరు ముందే తీసేయండి. ఈ మధ్య కొందరు వాస్తు సిద్ధాంతులు గది మధ్యలో ఫోన్ దిక్సూచి పట్టుకుని ఈశాన్యం తేలుస్తున్నారు, పక్కనే ఇనప బీరువా. బీరువా జరిపితే ఈశాన్యం కూడా జరుగుతుందని ఇంటాయనకు ఎవరు చెబుతారు?

తప్పు ఎంత ఉంటుందో లెక్క వేద్దాం. భూమి క్షేత్రం నేలకు సమాంతరంగా ఉండదు, లోపలికి వాలి ఉంటుంది. హైదరాబాద్‌లో ఆ వాలు 20 డిగ్రీల పైచిలుకు, అంటే నేలకు సమాంతరంగా ఉన్న భాగం ఇంకా 40 మైక్రోటెస్లాలకు దగ్గరే. దిక్కు తేల్చేది ఆ భాగమే. ఎక్కడి నుంచో 10 మైక్రోటెస్లాల దొంగ క్షేత్రం పక్క నుంచి తగిలిందనుకుంటే దిక్కు 14 డిగ్రీలు తప్పుతుంది. చెయ్యి చాచి పట్టుకున్న పిడికిలి వెడల్పు సుమారు పది డిగ్రీలు, కాబట్టి ఇది పిడికిలిన్నర. అదే అమెరికాలో సియాటిల్‌లో అయితే క్షేత్రం దాదాపు నిటారుగా నేలలోకి దిగుతుంది, సమాంతర భాగం 19 మైక్రోటెస్లాలకు అటూ ఇటూ. అదే దొంగ క్షేత్రానికి అక్కడ తప్పు 28 డిగ్రీలు! అక్కడున్న మన పిల్లలు "యాప్ అసలు పని చెయ్యట్లేదు" అంటే కోప్పడకండి. పైగా అక్కడ దిక్సూచి చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ 15 డిగ్రీల తేడా ఉంటుంది, హైదరాబాద్‌లో అది డిగ్రీలోపే. ఈ తేడాను మాత్రం యాప్ తనే సరిచేస్తుంది, అయిదేళ్ళకోసారి కొత్తది వచ్చే ప్రపంచ అయస్కాంత నమూనా ఆధారంగా.

వాలిన క్షేత్రం నుంచి అసలు దిక్కు తియ్యడానికి వాడే ఉపాయం ఇంటర్ చదివిన ప్రతివాళ్ళూ బట్టీ పట్టిందే, క్రాస్ ప్రాడక్ట్. రెండు వెక్టర్లు, అంటే దిక్కూ పరిమాణమూ ఉన్న రాశులు, ఇస్తే రెండింటికీ లంబంగా ఉండే మూడోదాన్ని ఇస్తుంది. అయస్కాంత వెక్టర్‌ను 'పైకి' అనే వెక్టర్‌తో క్రాస్ చేస్తే వాలు మొత్తం రాలిపోయి తూర్పు వస్తుంది. 'పైకి'ని తూర్పుతో క్రాస్ చేస్తే ఉత్తరం. రెండు గుణకారాల్లో మూడు దిక్కులూ కుదిరాయి. కుడిచేతి బొటనవేలు అటూ ఇటూ తిప్పించి రెండు మార్కులు వేసే బదులు, ఈ లెక్క మీ జేబులోనే జరుగుతోందని క్లాసులో ఒక్కసారి చెబితే పిల్లలు ఆ బొటనవేలిని జన్మలో మర్చిపోరు.

ఫోన్ ఎంత వేగంగా తిరుగుతోందో కొలిచే గైరోస్కోపు ఉంటే ఆకాశం తెర మీద నున్నగా జరుగుతుంది. చవక ఫోన్లు కొన్నింటిలో అది ఉండదు, చుక్కలు వణుకుతాయి. ఇక యాప్ రాత్రి మోడ్‌లోని ఎరుపు రంగు అలంకారం కాదు. చీకట్లో పనిచేసే కంటి కణాలకు ముదురు ఎరుపు దాదాపు ఆనదు, కాబట్టి చీకటికి అలవాటు పడటానికి కంటికి పట్టిన ఆ ఇరవై ముప్ఫై నిమిషాలు వృథా కావు. బ్రైట్‌నెస్ కూడా పూర్తిగా తగ్గించండి. ఈలోగా వాట్సాప్ తెరిచారా, మళ్ళీ మొదటికి.

యాప్ లోపల ఉన్న చుక్కల జాబితా గురించి ఒక్క మాట, ఎందుకంటే అందులో హైదరాబాద్ వాటా ఉంది. స్టెల్లేరియం చాలా ఏళ్ళు వాడిన జాబితాల్లో ఒకటి 2000లో వచ్చిన టైకో-2, అందులో పాతిక లక్షల నక్షత్రాలు. నక్షత్రాలు నెమ్మదిగా చోటు మారుతుంటాయి. ఎంత మారుతున్నాయో తెలియాలంటే పాత ఫొటోలు కావాలి. ఆ పాత కొలతలు 1887లో పారిస్‌లో మొదలైన ఆకాశ చిత్రణ పథకంవి. దాదాపు ఇరవై వేధశాలలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకుని గాజు పలకల మీద ఫొటోలు తీశాయి. సిరియస్ నక్షత్రానికి కాస్త దిగువ నుంచి మొదలయ్యే -17 నుంచి -23 డిగ్రీల పట్టీ (ఆకాశ మధ్యరేఖకు దక్షిణంగా లెక్కించే డిగ్రీలివి) మన నిజామియా వేధశాలకు వచ్చింది. బేగంపేటలో తీసిన ఆ పలకల కొలతలు టైకో-2 లెక్కల్లో కలిశాయి. టైకో-2 వాడే యాప్‌లో ఆ పట్టీలోని ఒక చుక్క మీద వేలు పెడితే మీరు చూసే స్థానంలో హైదరాబాద్ పాత కొలత ఉండే అవకాశం ఎక్కువ.

దిక్సూచితో విసిగిపోయినవాళ్ళకు ఇంకో దారి ఉంది, ఫోన్ నిజంగానే ఆకాశాన్ని చూడటం. ఫొటోలోని చుక్కల్ని నాలుగేసి చొప్పున తీసుకుంటారు. వాటిలో బాగా ఎడంగా ఉన్న రెండింటిని రెండు మూలలుగా పెట్టి, మిగతా రెండూ ఆ చట్రంలో ఎక్కడ పడ్డాయో నాలుగు అంకెల్లో రాస్తారు. ఫొటోను తిప్పినా, పెద్దది చేసినా ఆ అంకెలు మారవు. ముందే తయారుచేసిన భారీ పట్టికలో అవే అంకెలున్న నాలుగు చుక్కల్ని వెతికి, దొరికిన చోటు సరైనదేనా అని మిగతా చుక్కలతో సరిచూస్తారు. ఆస్ట్రోమెట్రీ డాట్ నెట్ అనే ఉచిత సేవ చేసేది ఇదే. సెలెస్ట్రాన్ కంపెనీ 2020లో తెచ్చిన టెలిస్కోపులు కూడా, పక్కన తగిలించిన ఫోన్ కెమెరాతో చుక్కల అమరికను గుర్తుపట్టే దారి చూపిస్తాయి. దీనికి అయస్కాంతంతో పనే లేదు. ఫోన్‌ను కదలకుండా ఆనించి, నైట్ మోడ్‌లో కొన్ని సెకన్ల ఫొటో తీసి ఆ సేవకు పంపి చూడండి. ఫ్రేములో వీధిదీపం, కొబ్బరాకులు పడకుండా చూసుకోండి, దీపాల మెరుపుల్ని కూడా అది చుక్కలనుకుంటుంది.