ప్యాడ్ ఉండగా డోలక్ ఎందుకన్నారు

ముహూర్తాలు మొదలవగానే తిరుపతి ఆర్కెస్ట్రాల్లో పాత గొడవ మళ్లీ లేచింది. పెళ్లికి పాటకచ్చేరీ పెట్టించేవాళ్లు రిథమ్‌కు ఇద్దరికే డబ్బులిస్తామంటున్నారు. డ్రమ్స్ ఆయన ఒకరు, ప్యాడ్ (పుల్లలతో కొడితే రకరకాల వాద్యాల శబ్దాలు పలికే ఎలక్ట్రానిక్ పెట్టె) ఆయన ఇంకొకరు. డోలక్, తబలా వాళ్లు ఇంటి దగ్గరే. డ్రమ్స్ వచ్చి మా చోటు తినేసిందని వాళ్లలో కొందరు అంటున్నారు. నాకైతే తప్పు అక్కడ కనిపించదు.

జాజ్ డ్రమ్స్ మద్రాసు దారిన మన స్టేజీలెక్కిన కథ అందరికీ తెలిసిందే. ఎక్కాక డోలక్‌తో పని పంచుకుంది. నాలుగు దెబ్బల నడకలో కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) ఒకటికీ మూడుకీ, స్నేర్ (చురుగ్గా మోగే చిన్న డ్రమ్) రెండుకీ నాలుగుకీ పడితే, మధ్య ఖాళీలన్నీ డోలక్‌వి. కిక్ పడే చోట డోలక్ ఆయన ఎడమచేతిని తేలిక చేసుకునేవాడు. రెండు బరువు శబ్దాలు ఒకేసారి పడితే స్పీకర్ బాక్సుల్లో ముద్దయిపోతాయి మరి. తిశ్రంలో (మూడు దెబ్బల నడకలో) జానపదం అందుకుంటే వరస తిరగబడేది. డ్రమ్స్ ఆయన హైహ్యాట్ (జంట తాళాల) మీద సన్నగా కాలం పట్టుకుని, ముందు నడిచే పని డోలక్‌కు వదిలేవాడు. చరణం చివర ఖాళీ నింపే దెబ్బలు (ఫిల్లింగ్) ఎవరివో కంటిచూపుతోనే తేలిపోయేది. 1969లో వుడ్‌స్టాక్ స్టేజీ మీద సంటానా రాక్ బృందంలోనూ డ్రమ్స్, చేత్తో వాయించే కాంగోలు, పుల్లలతో కొట్టే టింబాలేలు కలిసే మోగాయి.

తేడా ప్యాడ్‌తో వచ్చింది. 1985లో రోలాండ్ కంపెనీ తెచ్చిన మొదటి ఆక్టోప్యాడ్‌లో సొంత శబ్దాలు లేవు, శబ్దాలున్న వేరే పెట్టెకు తగిలించాలి. 1998లో అదే కంపెనీ ప్యాడ్ ఎస్‌పీడీ-20 వచ్చింది. ఎనిమిది పలకలు (మన పక్క పలకంటే డప్పు, ఇది వేరు), వాటి వెనక 700 శబ్దాలు, తబలాతో సహా. సర్దుకుంటే డోలక్ కూడా పలికించొచ్చు. డోలక్‌కు మైకు కావాలి, ఆ మైకు కూత పెడుతుంది, గాలిలో తేమ మారితే శ్రుతి జారుతుంది. ప్యాడ్‌కు వైరు గుచ్చితే చాలు. పాటపాటకూ శబ్దం మారుస్తాం, పార్టీ బడ్జెట్‌లో సరిపోతాం అంటారు ప్యాడ్ వాళ్లు. నిజమే.

అయితే డోలక్ ఆయన ఎడమ అరచేతిని చర్మం మీద నొక్కి జరిపితే గుమ్‌కీ (ఆ జారే గుమ్మనే శబ్దం) పాటను బట్టి వంగుతుంది. ప్యాడ్‌ను పుల్లతో కొడితే వచ్చేది ఎప్పుడో రికార్డు చేసిన ఒక్క దెబ్బ. గాయకుడు గమకం సాగదీస్తే అది ఆగదు, తగ్గదు. పైగా ఖాళీలన్నీ ప్యాడే నింపేస్తుంటే డ్రమ్స్ ఆయన పక్కకు చూడడం మానేశాడు, గట్టిగా కొట్టడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు డోలక్ వాళ్లు అడుగుతున్నది పెద్దదేం కాదు. తిశ్రం పాటలకైనా పిలవండి, ఒక మైకు ఇవ్వండి అంటున్నారు. ఈ బేరంలో డ్రమ్స్ వాళ్లు నోరు మెదపడం లేదు, కానీ ఈ గండం వాళ్లకూ ఉంది. చిన్న ఫంక్షన్లలో ఇప్పటికే ప్యాడ్‌కే కిక్ పెడల్ తగిలించి, డ్రమ్స్ సెట్టు లేకుండా కానిచ్చేస్తున్నారు.